అట్ట వేసిన పుస్తకం

ఆ పుస్తకానికి అట్ట వెయ్యమన్నది మా ఆయన. నా సంచిలోంచి పాల ప్యాకెట్ తీయబోతే పుస్తకం చేతికి తగిలింది. బయటికి తీసి, ముఖచిత్రం చూసి, వేడిగిన్నె పట్టుకున్నవాడిలా వంటింటి బల్ల మీద పెట్టేశాడు.

"ఇదేంది? ఈయన ఫొటో ఉన్న బుక్కు ఇంట్లకు తెచ్చినవ్?"

"లైబ్రరీదే గద. వాళ్లే కొని షెల్ఫ్‌ల పెట్టిన్రు."

"పెట్టేటోళ్లు పెడతరు. ఎవరు తీస్కపోతున్రో గూడ చూస్తరు. నీ కార్డు మీద ఎక్కుతది. మన సిటిజన్‌షిప్ ఫైల్ ఇంకా నడుస్తున్నది, యాదికున్నదా?"

"చదివితే సిటిజన్‌షిప్ ఇయ్యరా?"

"నాకేం ఎరుక. ట్రామ్‌ల అందరి ముందట పట్టుకొని కూసోకు. అట్టన్నా ఏస్కో."

ఆ ముఖం ఎవరిదో చెప్పనక్కర్లేదు. నా చిన్నప్పుడు అమెరికాలో రెండు ఆకాశహర్మ్యాలు కూలిన రోజు నుంచి ఆ తెల్ల తలపాగా, ఆ గడ్డం, ఆ నెమ్మదైన చూపు తెలియనివాళ్లు లేరు. పేరు ఇక్కడ రాయను. సూపర్‌మార్కెట్ కాగితం సంచిని కత్తిరించి, బళ్లో పుస్తకాలకు వేసినట్టే మూలలు మడిచి, చక్కగా అట్ట వేశాను. ఆ పని చేసి ఎన్నాళ్లయిందో. చేతులు మాత్రం మరచిపోలేదు.

నేను పెద్ద చదువులు చదవలేదు. ఇంటర్‌తో ఆగిపోయి, డిగ్రీ దూరవిద్యలో ముగించాను. అసలు చదువు ఖమ్మం దగ్గర మా ఊరి శాఖా గ్రంథాలయంలో జరిగింది. పేపర్ల బల్ల దగ్గర కూర్చునే ఆడపిల్లను నేనొక్కదాన్నే. జర్మనీలోని ఈ డార్మ్‌స్టాట్ వచ్చాక జర్మన్ కూడా లైబ్రరీలోనే నేర్చుకున్నాను. పిల్లల బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టి చరిత్ర అరల దాకా నడిచాను. క్లాసులకు వెళ్లినవాళ్లు తప్పుల్లేకుండా వాతావరణం గురించి మాట్లాడతారు. నేను తప్పులతో యుద్ధాల గురించి మాట్లాడతాను. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

ఈ పుస్తకం తెచ్చుకోవడానికి కారణం మా బాబు. ఒక మందుల గోడౌన్ ఆఫీసులో నాకు ఉద్యోగం దొరికింది. జర్మనీలో నా మొదటి ఉద్యోగం. నెలాఖరులోగా పిల్లవాణ్ని చూసుకునేవాళ్లు దొరక్కపోతే అది ఇంకొకరికి పోతుంది. కీటాల్లో, అంటే ఇక్కడి పిల్లల సంరక్షణ కేంద్రాల్లో, చోటు లేదు. వెతగ్గా వెతగ్గా ఒక టాగెస్‌ముట్టర్ దొరికింది. అంటే లైసెన్సు తీసుకుని తన ఇంట్లోనే నలుగురు పిల్లలను చూసుకునే ఆవిడ. నాకంటే పదేళ్లు పెద్దది. మొరాకో నుంచి వచ్చిన ఆవిడ. తలకు స్కార్ఫ్.

"గింత ఊర్ల ఇంకెవ్వరు దొరకలేదా?" అన్నాడు మా ఆయన.

"దొరికితే చెప్పు. రేపే పోదాం."

 ఆ వారమే వేరే ఊళ్లో ఒకడు కత్తితో జనం మీద పడ్డాడు. మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో సలహాల మీద సలహాలు: గడ్డాలు తీసేయండి, రైల్లో బ్యాక్‌ప్యాక్ ఒళ్లో పెట్టుకోకండి, ఆడవాళ్లు బొట్టు పెట్టుకోండి. మా ఆయన గడ్డం తీసేశాడు. నేను బొట్టు పెద్దది చేశాను. దాని అర్థం ట్రామ్‌లో ఎవరికీ తెలియదు కాబట్టి నన్ను ఇంకాస్త ఎక్కువసేపు చూసేవాళ్లు. వాళ్లు మమ్మల్ని అనుమానించారు. మేము మొరాకో ఆవిడను అనుమానించాం. ఆ అనుమానానికి జవాబు వెతుక్కుంటూనే ఈ పుస్తకం తెచ్చుకున్నాను.

మొదటిసారి కలిసినప్పుడు ప్రశ్నలు నేనడుగుతాననుకున్నాను. ఆవిడే అడిగింది. "మీరు ఇండియా నుంచి కదా. నేను వార్తలు చూస్తాను. మీ పిల్లవాడు నా ఇంట్లో తింటాడు, నా ఇంట్లో నిద్రపోతాడు. అది మీకు నిజంగా ఇష్టమేనా, లేక ఉద్యోగం కోసం ఒప్పుకుంటున్నారా?"

ఇష్టమే అన్నాను. ఆవిడ నమ్మలేదు. అనుమానించే హక్కు మా ఒక్కళ్లదే అనుకున్నాను అప్పటిదాకా.

ఇక్కడ ఒక పద్ధతి ఉంది. కొత్త చోట పిల్లవాణ్ని వదిలేసి వచ్చెయ్యకూడదు. రెండు మూడు వారాలు తల్లి కూడా రోజూ వచ్చి ఒక మూల కూర్చోవాలి. మాట్లాడకూడదు, పిల్లవాడి ఆటలో దూరకూడదు. నెమ్మదిగా పది నిమిషాలు బయటికి, తర్వాత అరగంట బయటికి. పిల్లవాడు ఏడుపు మానితే చోటు ఖాయం. కుదరదనిపిస్తే ఆవిడ వద్దనవచ్చు. కాబట్టి మా బాబుకు పరీక్ష, నాకూ పరీక్ష.

మూల కుర్చీలో ఊరికే కూర్చోలేక అట్ట వేసిన పుస్తకం తీసుకెళ్లేదాన్ని. చదువుతూనే ఇల్లంతా గమనించేదాన్ని. ఆవిడ ఫోన్‌లో గొంతు తగ్గించి అరబీలో మాట్లాడేది. నడవా చివర ఒక గది తలుపు ఎప్పుడూ వేసే ఉండేది. ఒకసారి దాని వెనక మగమనిషి దగ్గు వినిపించింది. ఇంటికెళ్లి చెప్పాలా వద్దా అని ఆలోచించి, చెప్పలేదు. ఆవిడ కూడా నన్ను గమనిస్తూనే ఉంది. పేరు కనిపించని పుస్తకం వైపు ఆవిడ చూపు రోజుకు ఎన్నిసార్లు వచ్చేదో.

పుస్తకం మాత్రం నన్ను వదల్లేదు. ఆ నాయకుడు సౌదీలో ఒక గొప్ప కాంట్రాక్టరు కొడుకు. ఆఫ్ఘన్ కొండల్లో సోవియట్ సేనల మీద పోరాటానికి వెళ్లిన రోజుల్లో పశ్చిమ దేశాలు, సౌదీ, పాకిస్తాన్ అన్నీ ఒకే పక్క. డబ్బు ఒకరిది, ఆయుధాలు ఒకరివి, దారి ఒకరిది. ఆ యుద్ధం అయిపోయాక ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. సౌదీ రాజు తన రక్షణకు ఇతని మనుషులను కాదని అమెరికా సైన్యాన్ని పిలిచాడు. అక్కడి నుంచి ఇతనికి సొంత రాజూ శత్రువే, రాజుకు స్నేహితులైన దేశాలూ శత్రువులే.

నేను అంతకుముందు అనుకున్నది వేరు. ఒకవైపు ముస్లిం దేశాలు, ఒకవైపు పశ్చిమం, మధ్యలో గీత. పుస్తకంలో ఆ గీత ఎక్కడా తిన్నగా లేదు. అతని మనుషుల చేతుల్లోనూ, అతని పేరు చెప్పుకున్నవాళ్ల చేతుల్లోనూ చచ్చినవాళ్లలో ఎక్కువమంది ముస్లింలే. భవనాలు కూలిన తర్వాత ముస్లిం దేశాల ప్రభుత్వాలు చాలావరకు అమెరికా పక్కనే నిలిచాయి. యుద్ధ విమానాలకు తమ ఆకాశం ఇచ్చాయి, పట్టుకున్నవాళ్లను అప్పగించాయి. ఇళ్లల్లో జనం మాత్రం ఇరాక్ మీద పడ్డ బాంబులు చూసి పళ్లు కొరికారు. చివరికి అతను దొరికింది మిత్రదేశమైన పాకిస్తాన్‌లో, సైనిక అకాడమీకి దగ్గర్లోని ఇంట్లో. ఆ దేశానికి చెప్పకుండానే వచ్చి చంపి వెళ్లారు. అతను కోరిన రాజ్యం రాలేదు. కానీ చెయ్యి కలుపుతూనే రెండో చేతిలో ఏముందోనని చూసుకోవడం మాత్రం రాజ్యాలకు అలవాటైపోయింది.

జర్మనీ గురించి చివర్లో ఒక చిన్న భాగం ఉంది. ఆ భవనాలను గుద్దిన విమానాలు నడిపినవాళ్లలో కొందరు హాంబుర్గ్‌లో చదువుకున్న విద్యార్థులు. అందుకని తర్వాత ఇక్కడి పోలీసులు యూనివర్సిటీల జాబితాలను జల్లెడ పట్టారు. మగవాడు, ముస్లిం, వయసులో ఉన్నవాడు, సాంకేతిక చదువు. ఈ నాలుగూ కలిస్తే పేరు జల్లెడలో నిలుస్తుంది. ఏ తప్పూ చేసి ఉండనక్కర్లేదు. అది తప్పని కోర్టు కొన్నేళ్ల తర్వాత చెప్పింది. ఆ పేజీల దగ్గరే ఉన్నాను ఆ రోజు.

బాబు ఆట మానేసి నా దగ్గరికి వచ్చాడు. నేను కదలకూడదు, మాట్లాడకూడదు. వాడు పుస్తకం లాక్కున్నాడు. అట్ట మూల పట్టి చీల్చాడు. కాగితం చిరిగే చప్పుడు వాడికి నచ్చింది, ఇంకాస్త చీల్చాడు. ఆ ముఖం బయటపడింది. వాడు దాన్ని ఎత్తి పట్టుకుని, బొమ్మల్లో కనబడిన ప్రతి గడ్డానికీ చెప్పే మాట చెప్పాడు: "ఓపా." అంటే తాతయ్య.

ఆవిడ చేతిలో పళ్ల ముక్కల గిన్నె ఉంది. ముఖం తెల్లబోయింది. అప్పుడే బెల్ మోగింది.

ఇంటర్‌కమ్‌లో గొంతు, లైసెన్సులు ఇచ్చే ఆఫీసు నుంచి ఒకామె. చెప్పకుండా వచ్చి చూసి వెళ్లడం వాళ్ల పని. ఇంటావిడ తలుపు వైపు చూసింది, పుస్తకం వైపు చూసింది, నా వైపు చూసింది. ఆ పుస్తకం నా సంచిలో ఉంటే చదువు. ఆవిడ ఇంట్లో నేల మీద, పిల్లల మధ్య ఉంటే ఇంకొకటి. ఆ తేడా నాకు ఆ క్షణంలోనే తెలిసింది. లేచి పుస్తకం తీసుకుని, ముఖం పైకి కనబడేలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చిరిగిన అట్ట దానికి వేలాడుతూనే ఉంది.

ఆఫీసు ఆవిడ లోపలికి వచ్చి ముందు దాన్నే చూసింది. "ఇది ఎవరిది?"

"నాది. లైబ్రరీది." వెనక అంటించిన లైబ్రరీ స్టిక్కర్ చూపించాను.

"ఇంత కష్టమైనవి జర్మన్‌లో చదువుతున్నారా? చాలా మెచ్చుకోవాలి." నిజంగానే నవ్వింది. తర్వాత చిరిగిన కాగితం చూసి, "దీనికి ఇదెందుకు?" అంది.

"మా దేశంలో పుస్తకాలకు వేస్తాం. నలగకుండా."

సగం నిజం. ఆవిడ తల ఊపి, ఇంటావిడ వైపు తిరిగి, "ఆ చివరి గది కూడా ఒకసారి చూడవచ్చా?" అంది.

తలుపు తెరిస్తే మంచం మీద బనీనుతో ఒకాయన. ఎయిర్‌పోర్ట్‌లో రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకున్న ఆమె భర్త. లేచి కూర్చుని, దుప్పటి భుజాల మీదికి లాక్కుని, గుడ్ మార్నింగ్ చెప్పాడు. ఆఫీసు ఆవిడ క్షమించమని, అంతా బాగుందని చెప్పి వెళ్లిపోయింది.

తలుపు మూశాక ఇంటావిడ పళ్ల ముక్కలు పిల్లలకు పెట్టింది. తర్వాత నా ఎదుట చిన్న పిల్లల స్టూలు మీద కూర్చుంది.

"నన్ను పరీక్షించడానికి తెచ్చారా?"

"కాదు."

"మరి దాచి ఎందుకు తెచ్చారు?"

"ట్రామ్‌లో నన్ను అనుమానిస్తారని."

"ట్రామ్‌లో మీకు భయం. అందుకని నా ఇంటికి తెచ్చారు." గొంతు పెంచలేదు. "మా ఆయన ఇక్కడే ఇంజనీరింగ్ చదివేవాడు. ఆ పుస్తకంలో ఉన్నవాడి పుణ్యమా అని యూనివర్సిటీ వాళ్లు అతని పేరు పోలీసులకిచ్చారు. ఇద్దరు వచ్చి రూమ్‌మేట్‌ను అడిగారు, రాత్రిళ్లు ఎవరితో మాట్లాడతాడని. రూమ్‌మేట్ మర్నాడే గది మారాడు. చదువు మధ్యలో ఆగిపోయింది. అదొక్కటే కారణమని నేను అనను. కానీ మీ పుస్తకం రాసినవాళ్లు మా ఇంటికి వచ్చి అడగలేదు కదా." స్టూలు మీంచి లేచి, "రేపు రాకండి. ఆలోచించుకోవాలి," అంది.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. మా ఆయన ముందు ఆ గది గురించే అడిగాడు. "అయితే మగాయన ఇంట్లనే ఉంటడా?"

"నువ్వు నైట్ సపోర్ట్ డ్యూటీ చేసి పొద్దుగాల పండుకోవా?"

"అది వేరే."

"ఏం వేరే?"

అతను గీసిన గడ్డం రుద్దుకున్నాడు. "ఇంక జాబ్ సంగతి మర్చిపో. ఆమె పిలవదు."

రెండు రోజులు ఫోన్ చూసుకుంటూ గడిపాను. గోడౌన్ ఆఫీసు వాళ్లు చేరే తేదీ ఖాయం చెయ్యమని మెయిల్ పెట్టారు. జవాబు రాయలేదు. మూడో రోజు ఆవిడ నుంచి సందేశం: "రేపు ఎనిమిదికి. మీ సంచి తలుపు బయట."

వెళ్లాను. సంచి మెట్ల దగ్గర పెట్టించింది. ఆ రోజు నుంచి నేనూ బయటే, అరగంట. బాబు నా వైపు చేతులు చాచి ఏడ్చాడు. తలుపు మూసుకుంది. మెట్టు మీద కూర్చున్నాను. ఏడుపు పెరిగింది, తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎందుకు ఆగింది? ఏం చేసింది? లేచి తలుపుకు చెవి ఆనించాను. ఏమీ వినబడలేదు. మళ్లీ వచ్చి కూర్చుని, చేతులు ఊరుకోక పుస్తకం తీశాను. దానికిప్పుడు అట్ట లేదు.

పై అంతస్తు జర్మన్ పెద్దాయన చెత్తబుట్టతో దిగుతూ నా పై మెట్టు మీద ఆగాడు. నన్ను, సంచిని, పుస్తకం మీది ముఖాన్ని, ఆవిడ తలుపును వరసగా చూశాడు.

"మీకేమైనా సాయం కావాలా?"

ఇక్కడ ఆ మాటకు, ఇక్కడ నీకేం పని అని అర్థం. బాబు లోపల ఉన్నాడన్నాను. స్టిక్కర్ చూపించాను. ఆయన చూడలేదు. నన్ను దాటి వెళ్లి ఆవిడ బెల్ నొక్కాడు.

తలుపు తెరిచింది ఆవిడ. చంకలో మా బాబు, నోట్లో బ్రెడ్ ముక్క.

"ఈమె మీకు తెలుసా?" అన్నాడాయన.

ఆవిడ నా వైపు చూసింది. పుస్తకం నా ఒళ్లోనే, ముఖం పైకే ఉంది. తెలియదన్నా, తెలుసన్నా అది ఆవిడ ఇష్టం. పోలీసులను పిలవడానికి ఆయన జేబులో ఫోన్ ఉంది.

"తెలుసు. నా దగ్గరుండే బాబు వాళ్లమ్మ," అంది.

ఉండే, అంది. అంటే బాబుకు చోటు ఇచ్చినట్టే. ఆయన చెత్తబుట్ట మార్చి పట్టుకుని, రెండుసార్లు వెనక్కి చూస్తూ దిగిపోయాడు. ఆ తర్వాత ఎవరికైనా ఫోన్ చేశాడో లేదో ఇప్పటికీ తెలియదు.

"ఇంకా పది నిమిషాలు ఉంది," అంది ఆవిడ నాతో. తలుపు మూయబోతూ ఆగింది. "రేపు వంటల పుస్తకం తెచ్చుకోండి."

నేను ఫోన్ తీసి గోడౌన్ ఆఫీసుకు మెయిల్ రాశాను, ఒకటో తారీఖున వస్తానని. లోపల బాబు నవ్వు వినిపించింది. అయినా లేచి వెళ్లి తలుపుకు చెవి ఆనించాను.