నేరేషన్‌లో చెప్పిన సిఫార్సు

2023 ఎండాకాలం. ఫిల్మ్‌నగర్‌లోని ఒక ప్రొడక్షన్ ఆఫీసులో నా పని ఇంగ్లిష్ ఉత్తరాలు రాయడం. వీసాలకి, లొకేషన్ పర్మిషన్లకి, కోర్సుల్లో చేరేవాళ్లకి నేను రాస్తాను, మా ప్రొడ్యూసర్ గారు సంతకం పెడతారు. ఎడిటింగ్ నేర్చుకుందామని భీమవరం నుంచి వచ్చి ఈ కుర్చీలో కూలబడి అప్పటికి పన్నెండేళ్లు.

సిఫార్సు ఉత్తరాన్ని మేము ఎల్.ఓ.ఆర్. అంటాం. అందులో మెట్లుంటాయి. ‘ఐ స్ట్రాంగ్లీ రికమెండ్ దట్ షీ బి అడ్మిటెడ్’ అంటే, నా మాట మీద ఈ అమ్మాయిని తీసుకోండి అని. ‘ఐ వుడ్ రికమెండ్ హర్’ అంటే ఒక మెట్టు కింద. ‘షీ మే బి కన్సిడర్డ్’ అంటే, తీసుకున్నా సరే, లేకపోయినా సరే అని. చూడ్డానికి మర్యాదగానే ఉంటుంది. చదివినవాళ్లు మాత్రం పక్కన పెట్టేస్తారు. పై మెట్టు వాక్యం నా కోసం ఎవరూ రాయలేదు.

మౌనిక కృష్ణానగర్‌లో గది తీసుకుని, మా ఎడిట్ రూమ్‌లో రెండేళ్లుగా అసిస్టెంటుగా చేస్తోంది. ఒక సీన్లో మాటలన్నీ జనరేటర్ మోతలో కలిసిపోయాయి. అందులోని నటి గొంతు పోయి డబ్బింగ్‌కి రాలేకపోయింది. పనికిరావని పక్కన పెట్టిన టేకుల్లోంచి మౌనిక ఒక్కో మాటా ఏరి సీను నిలబెట్టింది. అప్పటినుంచి ప్రొడ్యూసర్ గారి నోట ఆ పిల్ల పేరే. వింటుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

అలాంటిది, ఒకరోజు నా టేబుల్ దగ్గరికే వచ్చింది. పక్క రాష్ట్రంలోని ఒక ఫిల్మ్ స్కూల్లో సౌండ్ కోర్సట.

“అక్కా, జర మంచిగ రాయండి. ఈసారి సీటు రాకుంటే మళ్ల వయసు దాటిపోతది.”

“రాస్తాలే,” అన్నాను.

రాశాను. టైముకి వస్తుంది, చెప్పిన మాట వింటుంది, షీ మే బి కన్సిడర్డ్. ఒక్క అబద్ధం లేదు. జనరేటర్ సంగతీ లేదు.

మా ప్రొడ్యూసర్ గారు ఏదీ చదవరు. కథైనా, కాంట్రాక్టైనా, ఉత్తరమైనా ఎదురుగా కూర్చుని తెలుగులో నేరేషన్ ఇవ్వాల్సిందే, అంటే నోటితో చెప్పాల్సిందే. ఎవరి ఉత్తరమైతే వాళ్లు కూడా అక్కడే ఉండాలి.

“చెప్పమ్మా,” అన్నారు.

మౌనిక తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడి నన్నే చూస్తోంది. ఆ మొహం చూస్తూ ‘టైముకి వస్తుంది’ అనడానికి నాకు నోరు రాలేదు. కాగితం ఒళ్లో పెట్టుకుని జనరేటర్ దగ్గర మొదలుపెట్టాను. ఏరిన మాటల దాకా వచ్చేసరికి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “ఈ అమ్మాయిని తప్పక చేర్చుకోండని నా గట్టి సిఫార్సు,” అని ముగించాను. ఆయన సంతకం పెట్టేశారు.

బయటికి రాగానే మౌనిక నా చెయ్యి పట్టుకుంది. “నా గురించి గిట్ల ఎవ్వరు చెప్పలే అక్కా. గీ కాయితం కాపీ ఒకటి ఇయ్యండి, మా అమ్మకు చూపిస్త.”

నేను చెప్పిందేదీ లేని ఆ కాగితం ఆమె చేతిలో పెట్టలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. సాయంత్రం ఇస్తానని చెప్పి, మళ్లీ రాసి, మళ్లీ ఆయన గదిలోకి వెళ్లాను.

“ఒక లైను సరిగ్గా పడలేదండీ.”

“ఇందాక చెప్పినంతసేపూ ఒక్కసారి కూడా కాగితం వైపు చూడలేదు నువ్వు,” అన్నారాయన. “ఇప్పుడు చూసి చెప్పు.”

ప్రతి లైను మీదా వేలు పెట్టి చెప్పాను. ఆయన మళ్లీ సంతకం పెట్టారు.

మౌనికకి సీటొచ్చింది. ఆ పిల్ల తెచ్చిన మిఠాయి ఒకటి తిన్నాను. ఇప్పుడు ఎవరి ఉత్తరమైనా ముందు వాళ్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని తెలుగులో చెప్పి, ఆ తర్వాతే ఇంగ్లిష్‌లో రాస్తున్నాను. ఆ ఉత్తరం నాకు నేర్పింది అదొక్కటే, కుళ్లు మానడం మాత్రం నేర్పలేదు. ఆ పై మెట్టు వాక్యం టైపు చేసేటప్పుడు ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది. అయినా టైపు చేస్తాను.