ముఖ్య ప్రవక్త

మైకు చేతికొస్తే చాలు, లోకాన్ని సరిచేసి పారేయగలమనిపించే వయసు ఒకటి ఉంటుంది. ఆ రోజుల్లో నేను సూర్యాపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెబుతూ, పిలిచినవాళ్లకూ పిలవనివాళ్లకూ ఉపన్యాసాలిస్తుండేవాణ్ణి. ఒకసారి నేరేడుచర్లలో ‘ప్రవక్తలు – సమాజం’ అని అన్ని మతాలవాళ్లూ కలిసి సభ పెట్టారు. నన్ను పిలిపించింది మా బావ. ఖర్చు పెట్టుకున్నది అక్కడి రైసుమిల్లు సేటు (మా కాలేజీ కూడా ఆయనదే, నా ఉప్పూ పప్పూ ఆయన చేతిలోనే). బస్సు దిగేసరికి ఫ్లెక్సీ మీద నిలువెత్తు నేను, నా కింద ‘ముఖ్య ప్రవక్త’ అని అక్షరాలు! కోదాడలో ఫ్లెక్సీ కొట్టినవాడు సభ పేరు చూసిన ఊపులో వక్తకు కూడా ఒక ‘ప్ర’ తగిలించాడు. అది మహానుభావుల మాటరా బాబూ అని నేను లబలబలాడితే, బావ “ఒక్క అక్షరం ఎక్కువ పడితె ఏమైతది బామ్మర్దీ? ఇజ్జత్ పెరిగిందనుకో” అన్నాడు.

ఆ ఇజ్జత్ చూసి జనం నన్ను చుట్టుముట్టారు. బోరులో నీళ్లు పడతాయా అని ఒకాయన, మనవడికి ఉద్యోగం వస్తుందా అని ఒకామె. వాళ్లను తప్పించుకుని వేదికెక్కి, గొంతు సవరించుకుని, “ప్రవక్త అంటే రేపటి సంగతి చెప్పేవాడు మాత్రమే కాదు. ఇవాళ జరుగుతున్న తప్పును, ఎదురుగా ఎంతటివాడున్నా, మొహం మీద చెప్పేవాడు” అన్నాను. చప్పట్లు మోగాయి. సేటు కూడా కొట్టాడు.

ముందు వరుసలోంచి ఒక ముసలమ్మ లేచింది. “సారూ, అట్లయితె రేపటి ముచ్చట ఇడిసిపెట్టు, ఇయ్యాల్టిదే జెప్పు. సేటు మిల్లుల ఊక బూడిదంత మా వాడకట్టుమీద పడ్తాంది. అన్నంల అదే, పిల్లల కండ్లల్ల అదే. తప్పా, కాదా?”

బావ వెనకనుంచి నా చొక్కా లాగుతున్నాడు. ఉద్యోగం కళ్లముందు మెదిలింది. కానీ చేతిలో మైకుంది, అన్న మాట ఇంకా గాలిలోనే ఉంది. “తప్పే” అన్నాను. మైకు ఆ మాటను సెంటరు దాకా మోసింది.

సేటు నవ్వు చెదరకుండా లేచి, నాకు శాలువా కప్పుతూ చెవిలో అన్నాడు: “రేపటి సంగతి నీకు తెల్వదు గద సారూ. నాకు తెలుసు. రేపు నువ్వు కాలేజీకి రావు.”

ఆయన జోస్యం అక్షరాలా ఫలించింది. అయితే వాడకట్టు జనం ఊరుకోలేదు. “సభలనే తప్పన్నరు” అంటూ మిల్లు గేటు ముందు బైఠాయించి బూడిద ఆపించుకున్నారు. నేను మిర్యాలగూడలో వేరే కాలేజీ చూసుకున్నాను. ఇప్పటికీ అదే అంశం మీద మాట్లాడుతుంటాను, గంటసేపు, అప్పటికన్నా బాగానే. అందరూ చప్పట్లు కొడతారు, ఎవరికీ కోపం రాదు. ఇంటికొస్తూ, ఒక్క మాటకు ఉద్యోగం ఊడగొట్టుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. వాడంటే నాకు కాస్త అసూయ కూడా.