పచ్చి మట్టి పోసిన బీము

ఇన్నేళ్లుగా ఈ మాట గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. ఇవాళ మీ ముందు కక్కేస్తున్నాను. నా మీద జాలి మాత్రం పడకండి, ఒళ్లు మండుతుంది.

ఎనభైల్లో కోరాపుట్ కొండల్లో ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. నేను కాంక్రీటు పరీక్షించే ల్యాబులో టెక్నీషియన్ని. ఫ్యాక్టరీ కోసం తవ్వుతున్న గని దగ్గర గుట్టలుగా పారబోసిన మట్టిని కాల్చి, మెత్తగా నూరి, సిమెంటులో కొంత భాగానికి బదులు కలిపినా మంచి గట్టి కాంక్రీటు వస్తుందని మా ఇంజనీరూ నేనూ తేల్చాం. ఎంత పొగరు నాకు! అంతా నా పనితనమేనని కాలనీ అంతా చెప్పుకు తిరిగాను.

పెద్ద బీము పోయడానికి పంతులు ముహూర్తం పెట్టాడు. పై అధికారులు కొబ్బరికాయ కొట్టడానికి వచ్చి నిలబడ్డారు. తీరా చూస్తే ముందురోజు వానకి కాల్చిన పొడి చాలావరకు తడిసి ముద్దయిపోయింది. ఇవాళ్టికి ఆపండి అనొచ్చు కదా? అనలేదు. మిగిలిన కాస్త మంచి పొడితో మొదటి విడత కలిపించి, గట్టిదనం పరీక్షించే నమూనా క్యూబులు దానితోనే పోయించాను. ఆ తర్వాత మిక్సర్లో కాల్చని పచ్చి మట్టి వేయించాను. ఏం కాదులే అనుకున్నాను. ఏం కాదట!

సెంట్రింగ్ విప్పగానే బీము పగిలింది. క్యూబులేమో పరీక్షలో భేషుగ్గా నిలిచాయి. మా పొడి కలిపిన కాంక్రీటు మంచిదేనని తేలాక, బీములో తప్పెవరిది? మిక్సర్ దగ్గరున్న తాపీమేస్త్రి అప్పన్నది. తర్వాతి విడతల్లో సిమెంటు తగ్గించి బయట అమ్ముకున్నాడని తేల్చేశారు.

అప్పన్న ల్యాబు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"బాబూ, ఆ మట్టి మీరే ఏయించేరు కదా. నాను సిమెంటు తియ్యనేదని ఒక్క మాట సెప్పండి. దొంగనంటే రేపు నన్నెవుడు పనికి పిలుత్తాడు?"

"నాకేటీ తెలీదు. పో" అన్నాను.

ఉద్యోగం పోతుందని భయపడ్డానా? అంత భయం కూడా లేదు. క్యూబుల్లో మోసం బయటపడితే ఆ పొడి పరీక్షలన్నీ అబద్ధాలంటారని, దాన్ని చూపించి నేను తెచ్చుకున్న మెప్పంతా మట్టిలో కలుస్తుందని, అంతే. ఛీ, అదీ ఒక కారణమేనా?

చాలాకాలానికి రాయగడ స్టేషన్లో అతను బస్తాలు మోస్తూ కనిపించాడు. "ఒరే సిమెంటు దొంగా, జరుగెహె" అని పక్క కూలీ నవ్వాడు. అప్పన్న బస్తా సర్దుకుని జరిగాడు. వెధవని, నేను స్తంభం చాటుకి తప్పుకున్నాను.

ఇప్పుడతను లేడు. చెప్పేశాక నాకు కాస్త ఊపిరాడుతోంది, దానికీ సిగ్గుగానే ఉంది. అప్పన్న సిమెంటు తియ్యలేదు. పచ్చి మట్టి వేయించింది నేను. ఆ రోజు ఈ మాట చెప్పడానికి ఇంతసేపు కూడా పట్టేది కాదు.