విత్తనాల లారీ

దక్షిణ సూడాన్‌లో మా క్యాంపుకి చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. నవంబరు నెలే అయినా ఎండ మాడ్చేస్తోంది. ఐక్యరాజ్యసమితి శాంతిసేన నీలి హెల్మెట్, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్, రైఫిలు, రెండు నీళ్ల సీసాలు. ఆర్డరు ఒకటే: ప్రతి మంగళవారం విదేశీ సాయం తెచ్చే లారీలకి కాపలా. మొక్కజొన్న పిండి, పప్పు. పొద్దున్న అయిదున్నరకి డిపోలో బయలుదేరితే మా క్యాంపుదాకా అరవై కిలోమీటర్ల మట్టిరోడ్డుకి ఆరు గంటలు పట్టేది.

మా బండి డ్రైవరు పొందూరు వాడు. వరస లేకపోయినా నన్ను బావా అనేవాడు.

"మన రేషన్ షాపుకి కూడా ఇంత కాపలా ఉంటే బాగున్ను బావా," అన్నాడు మొదటిరోజే.

సాయం దండగని టీకొట్టు దగ్గర కూర్చుని తీర్పులిచ్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నిలబడలేని పిల్లలు నెల తిరక్కుండా బంతాట ఆడటం నేను చూశాను. ఇంకోటీ చూశాను. ఊరికే పిండి వస్తుంటే జొన్నలు కొనేదెవరు? సంతలో జొన్నలమ్మేవాళ్లు ఒక్కొక్కరే మానేశారు. మార్చికల్లా అక్కడ గింజ లేదు.

క్యాంపు గేటు ఎదుట గుడిసెలో ఒక ముసలామె, ఇద్దరు మనవలు. పొయ్యి మీద పొగ తగిలేలా విత్తనాల జొన్నకంకులు వేలాడదీసింది. కొత్తవలస దగ్గర మా ఇంట్లో అమ్మా అలాగే కట్టేది. గంజికి లేని రోజున కూడా, "ఇత్తనాలు ముట్టుకున్నారంటే సేతులిరగ్గొడతాను," అనేది.

ఏప్రిల్లో ఒక వారం లారీ తప్పింది. మా రేషన్ బయటికి ఇవ్వకూడదని ఆర్డరు. దొంగచాటుగా బిస్కెట్లిచ్చాం, ఎంతకని వస్తాయి? ఆమె దుబాసీని వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది.

"వచ్చే మంగళవారం లారీ వస్తుందా? కంకులు దించమంటావా, ఉంచమంటావా?"

వైర్‌లెస్ ఆపరేటర్ని అడిగాను.

"పిండి, విత్తనాలు రెండూ లోడయ్యాయి. మంగళవారం ఖాయం," అన్నాడు.

"దించి వండిపెట్టమ్మా. విత్తనాలూ వస్తున్నాయి," అన్నాను. రైతుబిడ్డనై ఉండి ఆ మాట అన్నాను.

సోమవారం వాన పట్టుకుంది. ఆ నల్లమట్టి తడిస్తే దిగిన బూటు పైకి రాదు. ఆ మంగళవారం కాపలా వేరే జట్టుది. తొమ్మిదింటికి క్యాంపులో రేడియో పలికింది: "లారీలు ఇరవయ్యో కిలోమీటరు దగ్గర దిగబడ్డాయి. వెనక్కి పంపేస్తున్నాం." మరుసటి మంగళవారమూ అదే కబురు. ఆపైన విమానంలోంచి పిండి బస్తాలు పడేశారు. పిల్లలు బతికారు. విత్తనాలు మాత్రం రాలేదు. పిండి నాటితే మొలుస్తుందా? సంతలో కొందామన్నా లేవు. తప్పు నాదే.

జూన్ మొదటి వారం రోడ్డు కాస్త ఆరింది. మా బ్యాచ్‌ని ఇంటికి పంపేశారు. మేమెక్కిన లారీ గేటు దాటేసరికి ఆమె రోడ్డు పక్క చేలో ఉంది. నేలంతా తవ్వి సిద్ధం చేసింది. మా లారీ చూసి విత్తనాలొచ్చాయనుకుంది. చాట పట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చింది.

"బావా, ఆపమంటావేటి?"

"ఆపి ఏటిస్తావురా?"

లారీ నిండా మా ట్రంకుపెట్టెలే. వాడు గేరు మార్చాడు.

ఇంటికొచ్చి మూడేళ్లయింది. సాయం మంచిదా చెడ్డదా అని జనం అడుగుతారు. చెప్పీ చెప్పీ విసుగొచ్చింది, ఇప్పుడు తెలీదంటున్నాను. కళ్లు మూస్తే మాత్రం ఆమే కనిపిస్తుంది. రోడ్డు అంచున నిలబడి, రెండు చేతులా ఖాళీ చాట చాపి.