మూడు గీతల కాయ

నా చిన్నప్పుడు ఒక్క రాత్రి వానకి మా పెద్దత్త పోగొట్టుకున్నవి ఇవి: తాటిదోనె ఒకటి, దాన్ని తోసే వెదురుకర్ర ఒకటి, వలలు రెండు, చేపలు పట్టే బుట్టలు మూడు, బజారుకి మోసుకెళ్ళే తట్ట ఒకటి, కోళ్ళు నాలుగు. తెల్లారాక గట్టు మీద నిలబడి, వేళ్ళు మడుస్తూ నేనే లెక్క కట్టాను. పన్నెండు పోయాయని గట్టిగా చెప్పాను కూడా. లెక్కంటే నాకు అప్పటికే పిచ్చి. పెద్దత్త తడి చీరకొంగు పిండుకుంటూ నావైపు చూసింది.

"పోయేయని ఎవులు సెప్పేరే నీకు? అవుపడ్డం లేదు, అంతే. అవుపడందాన్ని బాకీ అనాల."

పెద్దత్త అంటే మా నాన్నకి అక్క. భర్త పోయిన దగ్గర్నుంచి ఒంటిగా ఆవ మీదే బతికేది. ఆవ అంటే అనకాపల్లికి దిగువన మా ఊరిని ఆనుకుని ఉన్న పెద్ద మంచినీటి సరస్సు. వానాకాలంలో అది నిండి పొర్లితే ఆ నీరు జమ్ముగడ్డిలో మూడు పాయలుగా చీలి, చిన్నచిన్న చెరువుల్లో దూరి, మళ్ళీ ఒకచోట కలిసి గెడ్డగా మారి శారదా నదిలో పడుతుంది. రెండు తాటిమొద్దులు తొలిచి జతకట్టిన ఆ దోనె మీదే పెద్దత్త చేపలు పట్టేది, తామరపూలు కోసేది. బడి నుంచి రాగానే నేనూ అందులో ఎక్కి కూర్చునేదాన్ని. నా లోకం ఆ దోనెంతే ఉండేది.

నాలుగో రోజున కబురు వచ్చింది. నది ఒడ్డున మొగలిపొదలో ఒక దోనె చిక్కుకుందనీ, ముక్కు మీద తారుతో సిలువ గుర్తు ఉందనీ చేపలమ్మే ఒకావిడ చెప్పింది. ఆ సిలువ పెద్దత్త వేసుకున్నదే. దోనె దొరికింది సరే, ఇంటికి తేవడం ఎలా? బండి కడదామంటే దారి పొడుగునా చక్రం మునిగే బురద. నీటి మీద తేవాలంటే గెడ్డ దాకా బాగానే రావచ్చు. ఆ పైన మూడు పాయల్లో ఏది ఆవ దాకా తెరుచుకుని ఉందో ఎవరికీ తెలీదు. ఆ దారుల్లో దోనె నడిపిన మనిషి ఊళ్ళో లేడు. పైగా వరద రోజురోజుకీ తీస్తోంది. ఆలస్యమైతే ఏ పాయలోనూ దోనె ఆడదు.

మా అమ్మ తమ్ముడు, మా మామ, అప్పుడే కొత్తగా సెల్‌ఫోను కొన్నాడు. సిగ్నలు కోసం దాన్ని చేతిలో ఎత్తి పట్టుకుని గట్టంతా తిరుగుతూ పెద్దత్తకి సలహా చెప్పాడు.

"ఒదినా, ఎందుకొచ్చిన తిప్పలు? ఆ దోనె అక్కడే నరికేసి పొయిలో ఎట్టుకో. పరవాడ మందుల కంపెనీలో మేస్త్రీకి సెప్పేను. సోమవారం నుంచి కంపెనీ బస్సెక్కు."

"నీ మీసం నరికి పొయిలో ఎడతాను బావా. అదైతే ఎండుగా ఉంది."

నవ్వింది గానీ, ఆ రాత్రి ఆవిడ సరిగ్గా తినలేదు. బస్సెక్కితే చీకటితో వెళ్ళి చీకటితో రావాలి. ఆవకీ ఆవిడకీ తెగిపోయినట్టే. నాకూ అంతే. సోమవారంలోగా దోనె ఆవలో పడాలి.

శుక్రవారం తెల్లవారుజామునే పెద్దత్తా, మామా, నేనూ ముగ్గురం వెళ్ళి దోనెని మొగలిపొదలోంచి లాగాం. లోపలి నీళ్ళు తోడేసి, నది మీదుగా గెడ్డలోకి తోసుకొచ్చి, పాయలు కలిసేచోట కట్టేశాం. అక్కడ పెద్దత్త తన ఉపాయం చెప్పింది. తొమ్మిది ఎండు కొబ్బరికాయలకి సున్నంతో గీతలు గీసింది. మొదటి పాయకి ఒంటిగీత, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు, పాయకి మూడేసి కాయలు. ఆవిడ గట్టు వెంట ఆవ దాకా నడిచివెళ్ళి వాటిని వదిలింది. దిగువన నేనూ మామా కాచుకుని కూర్చున్నాం.

ఒంటిగీత కాయలు పరుగున వచ్చాయి. తరవాత రెండు గీతలవి. మూడు గీతలవి ఎప్పటికో తాపీగా చేరాయి. తొమ్మిదీ లెక్కకి వచ్చాయని నేను గెంతాను. ముందొచ్చిందే మంచి దారని నేనన్నాను. మామా అదే అన్నాడు. పెద్దత్త తిరిగొచ్చాక దోనెని ఒంటిగీత పాయలోకి తోశాం. కొంతదూరం పోయేసరికి దోనె అడుగు ఇసకలో కరుచుకుంది. దిగి చూస్తే నీళ్ళు నా చీలమండలు దాటలేదు. ముందుకి కదలదు, తిప్పడానికి చోటు లేదు. సాయంత్రం దాకా ముగ్గురం వెనక్కి లాగాం.

"కొబ్బరికాయకేటి ఒదినా, ఉమ్మేసినా తేలుతాది," అన్నాడు మామ, మోకాళ్ళ బురద కడుక్కుంటూ.

పెద్దత్త దోనె పక్కన వంగి తడి గీత ఎక్కడిదాకా ఉందో చూసింది. ఆ గీత నుంచి అడుగు దాకా చేత్తో కొలిచింది. జానెడు, మరో అరజానెడు. మర్నాడు పొద్దున్న ఒక్కో కాయకీ అంతే పొడుగు పురికొస కట్టి, కాయని ముంచనంత చిన్న రాయి వేలాడదీసింది. ఇదేటత్తా అని అడిగాను.

"నిన్న కాయల్ని ఒగ్గేం. ఇయాల దోనెల్ని ఒగ్గుతున్నాం."

అప్పుడు నాకు అర్థమైంది. దోనె ఎంత మునుగుతుందో రాయీ అంతే మునుగుతుంది. రాయి తగలకుండా వచ్చిన దారే దోనె వచ్చే దారి.

పెద్దత్త కాయలతో మళ్ళీ ఆవ దాకా వెళ్ళింది. ఆ పొద్దున దిగువన కూర్చోవడం మహా కష్టమైంది. ఒంటిగీత కాయ ఒక్కటీ రాలేదు. రెండు గీతలదీ రాలేదు. ఎండ నెత్తికెక్కింది. మామ బీడీ మీద బీడీ కాలుస్తూ, ఈ దెబ్బకి బస్సే గతి అంటున్నాడు. అప్పుడు మూడో పాయ మలుపులో ఒక కాయ కనిపించింది. పెళ్ళికూతురిలా మెల్లగా, తొణకకుండా వచ్చింది. కాస్సేపటికి ఇంకోటి. మామ బీడీ పారేసి మోకాలిలోతు నీళ్ళలోకి దూకాడు. నేను అరిచిన అరుపుకి జమ్ములో కొంగలన్నీ లేచిపోయాయి.

ఊళ్ళో అందరూ పనికిరాదని వదిలేసిన పాయ అది. వంకరలు ఎక్కువ, నడక తక్కువ. పెద్దత్త తిరిగొచ్చాక మామ గట్టు వెంట ఊళ్ళోకి పోయాడు, మేమిద్దరం ఆ వంకరలన్నీ ఎక్కాం. పెద్దత్త వెనక నిలబడి కొత్త వెదురుకర్రతో తోస్తే, నేను ముక్కు దగ్గర కూర్చుని చేత్తో గుర్రపుడెక్క పక్కకి నెట్టాను. ఒక కలువచెరువులోకి దూరాం. దాని అంచున జమ్ములో మూసుకుపోయినట్టు కనబడే సందులోంచి ఇంకో చెరువులోకి వెళ్ళాం. అక్కడ నీరు నల్లగా, నిండుగా, చల్లగా ఉంది. నీటికోళ్ళు మమ్మల్ని చూసి బెదరలేదు. మనుషులంటే తెలీదు కాబోలు. చివరి జమ్ము చీల్చుకుని బయటికొచ్చేసరికి ఎదురుగా ఆవ. ఎండ పడి అద్దంలా మెరుస్తోంది. అవతల గట్టు మీద మా ఇళ్ళు కనిపించాయి.

గట్టు మీద ఊరంతా ఈలలు వేసింది. మామ సెల్‌ఫోను తలమీద పెట్టుకుని చిందులు తొక్కాడు. మర్నాడు చర్చిలో పెద్దత్త సాక్ష్యం చెప్పడానికి లేచి, దేవుడి దయని ఒక్క మాటలో ముగించి, రాళ్ళ సంగతి మాత్రం విడమరిచి చెప్పింది. పాస్టరుగారు కూడా నవ్వారు. సోమవారం కంపెనీ బస్సు మా వీధి చివర హారను కొట్టింది. పెద్దత్త కొత్త తట్టలో చేపలు వేసుకుని దాని పక్కనుంచే అనకాపల్లి బజారుకి నడిచిపోయింది. డ్రైవరు చెయ్యి ఊపితే ఈవిడా ఊపింది.

పోయినవాటిలో ఒక వల, రెండు బుట్టలు తరవాత జమ్ములో దొరికాయి. కోళ్ళని బాకీ అనడానికి మాత్రం ఆవిడకే నోరు రాలేదు.

ఇప్పుడు నాకు నలభై దగ్గరపడింది. పదో తరగతి దాటలేదు గానీ, ఇళ్ళు కట్టుకునేవాళ్ళు ఇటుకలూ సిమెంటూ ఎంత పడతాయో నా దగ్గరికే వచ్చి లెక్క వేయించుకుంటారు. గోడ ఎంత ఎత్తు లేపాలో వాళ్ళు చెబుతుంటే నేను పునాది లోతు అడుగుతాను. ఎవరైనా ఇట్టే తేలిపోయిన పని గురించి చెబితే, దాని కింద ఏ రాయి వేలాడుతోందో చూడాలనిపిస్తుంది.

పెద్దత్త ఇప్పుడు లేదు. ఆవ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా నా కళ్ళు జమ్ము అంచుల్లో వెతుకుతాయి. ఆ శనివారం వదిలిన కాయల్లో మొదటి రెండు పాయల్లో చిక్కుకున్నవాటిని మర్నాడే ఏరుకొచ్చాం. మూడు గీతల కాయల్లో మూడోది ఎక్కడా కనబడలేదు. మేము వచ్చిన దారంతా మళ్ళీ గాలించాం. ఎక్కడో పోయిందత్తా అన్నాను ఏడుపు గొంతుతో. ఆవిడ కళ్ళు మెరిశాయి.

"పోలేదే. మనకి తెలీని దారేదో దానికి దొరికింది."

అందుకే నేను ఇప్పటికీ ఆవిడ పద్ధతిలోనే లెక్క చెబుతాను. వదిలినవి తొమ్మిది. వచ్చినవి ఎనిమిది. ఆవ నాకు బాకీ, ఒకటి.