పెద్దమ్మ గదుల్లో చేపల పులుసు

చేపల పులుసు కావాలని అడిగింది నేను. ఎక్కువ తిన్నది కూడా నేనే. గూడు పోగొట్టుకున్నది మాత్రం ఆ పులుసు వండిపెట్టిన మనుషులు. ఆ రోజు నోరు విప్పాల్సిన చోట విప్పలేదు. విప్పినప్పుడు అనకూడని మాట అన్నాను. ఇన్నేళ్ళకు కూడా దానికి వేరే పేరు పెట్టి తప్పించుకోలేకపోతున్నాను.

పోలీసు యాక్షన్ జరిగిన ఏడాది ఎండాకాలం అది. ఇబ్రహీంపట్నం విడిచి హైదరాబాదు చేరి అప్పటికి నాకు ఏడాది దాటింది. చాదర్‌ఘాట్ అవతల ఒక బిస్కెట్ల కార్ఖానాలో డబ్బాలకు కాగితాలు అంటించే పని దొరికింది. పొద్దంతా బట్టీల దగ్గర చక్కెర కాలే వాసన. సాయంత్రం బయటికి వస్తే చొక్కా కూడా బిస్కెట్టులా వాసన వేసేది. దారిలో టాంగా గుర్రాలు నా వైపు మూతి చాపేవి. ఆ రోజులు తలుచుకుంటే ముందు ఆ వాసనే వస్తుంది, తప్పు తర్వాత గుర్తొస్తుంది.

గది దొరకడం పని దొరకడం కంటే కష్టం. ఊళ్ళల్లో ఒక పక్క దొరలకు ఎదురు తిరిగిన సంగపు వాళ్ళు, ఇంకో పక్క సర్కారు వైపు తుపాకులవాళ్ళు. ఓపిక ఉన్నవాళ్ళంతా హైదరాబాదు దారి పట్టారు. తెలిసిన మనిషి వెంట వచ్చి పూచీ ఉంటే తప్ప ఎవరూ తలుపు తీసేవారు కాదు. నాకు కార్ఖానా మేస్త్రీ పూచీ ఉండి ఒక పెద్దమ్మ ఇంట్లో గది ఇప్పించాడు. నడుమ చేదబావి, చుట్టూ ఆరు గదులు. ఆమె మెడలో లింగం కట్టుకున్న మనిషి, నుదుట మూడు విభూతి గీతలు.

"నీసు తింటవా బిడ్డా?" అని అడిగింది మొదటి రోజే.

"చేప, మాంసం ఏది ముట్టను పెద్దమ్మా" అన్నాను. ఊళ్ళో యాట తెగిందంటే మొదటి విస్తరి నాదే.

"మంచిది. నా కొంపల నీసు వాసనొస్తే గిన్నె ముందు పోతది, దాని ఎన్క మనిషి పోతడు."

ఆ ఉగాది దాటాక మా ఊరి నుంచి చేపలు పట్టే మనిషి, అతని భార్య నన్ను వెతుక్కుంటూ కార్ఖానా గేటు దగ్గరికి వచ్చారు. మా పెద్ద చెరువులో అతని పుట్టి తిరగని మూల లేదు. నాకు ఈత నేర్పింది అతనే. సంగపు వాళ్ళను పుట్టిలో చెరువు దాటించాడని ఎవరో చెప్పారట. తుపాకులవాళ్ళు వచ్చి వలలు కాల్చి, పుట్టి చీల్చి, మనిషి కోసం వెతికి పోయారు. ఇక ఊళ్ళో కనిపిస్తే వదలరు. హైదరాబాదులో కూడా బయట పడుకున్న కొత్త మనుషులను పట్టుకుపోతున్న రోజులు. అతనికి పైన కప్పు, చెప్పుకోవడానికి ఒక ఇల్లు ఉండి తీరాలి.

పెద్దమ్మ దగ్గరికి తీసుకుపోయి మా పాలోళ్ళే, దగ్గరి సుట్టాలేనని చెప్పాను. "వీళ్ళు గూడ నా లెక్కనే, ముట్టరు" అని కూడా కలిపాను. గది దొరికింది. వల అల్లిన వేళ్ళు కదా, మంచాలకు నులక అల్లే దుకాణంలో అతనికి వారంలోనే పని కుదిరింది. ఊళ్ళో లాగే ఇక్కడ కూడా నన్ను "చిన్న పటేలా" అనేవాడు. హైదరాబాదులో నన్ను అట్లా పిలిచే మనిషి ఒకడున్నాడని నాకు లోపల గర్వంగా ఉండేది. నేను అతన్ని అన్న అనేవాణ్ణి, ఆమెను వదినె అని.

ఒక ఆదివారం ఊరి నుంచి వచ్చిన బండాయన తడి గోనెలో చుట్టి రెండు కొరమీన్లు తెచ్చిచ్చాడు. మా చెరువువే. ఇంకా ప్రాణంతో ఉన్నాయి. పెద్దమ్మ మఠానికి పోయింది, పొద్దుగూకే దాకా రాదు.

"వదినే, ఒక్కపారి పులుసు పెట్టు" అన్నాను.

"వద్దు పటేలా. ఆ పెద్దమ్మకు తెలిస్తే మా బతుకు బజార్ల పడ్తది."

"నేను లేనా? నీకెందుకు ఫికర్?"

ఆమె మొగుని వైపు చూసింది. "అడిగింది పటేలు. లేదంటే ఎట్ల?" అన్నాడతను నవ్వుతూ. "ఈయన చిన్నప్పుడు మా గుడిసె ముంగట తిరిగేది నన్ను చూడనీకి కాదు, కుండ మూత ఎప్పుడు తీస్తరా అని."

తలుపు వేసుకుని, బూడిద, ఉప్పు పెట్టి రుద్ది, చింతపండు పోసి మెంతులు వేసి వండింది. పులుసు పోసుకున్నకొద్దీ మా ఊరి కట్ట, అలుగు, తుంగ వాసన నోట్లోకి వచ్చినట్టయింది. మూడోసారి కూడా వేయించుకుని, మూతి తుడుచుకుని వచ్చి నా గడపలో కూర్చున్నాను.

మఠం దారిలో ఏదో గొడవై దుకాణాలు మూశారట. పెద్దమ్మ ఎండ తగ్గకముందే తిరిగొచ్చింది. వాకిట్లో అడుగు పెట్టి ఆగిపోయింది.

"ఎవల పొయ్యి ఇది?"

నేను లేచి నిలబడ్డాను. అప్పుడు చెప్పవలసింది ఒకటే మాట. నా గది, మేస్త్రీ ముందు నా పరువు, అవే కళ్ళ ముందు తిరిగాయి.

"నాకేం తెలుసు పెద్దమ్మా. ఆళ్ళ గదిల నుంచే వస్తుంది" అన్నాను.

"మీ పాలోళ్ళంటివి గద?"

"కాదు. చేపలు పట్టేటోళ్ళు. బతిమాలితే గట్ల చెప్పిన."

అన్న తన గది గడపలోనే ఉన్నాడు. అన్నీ విన్నాడు. వదినె అతన్ని దాటుకుని ముందుకు వచ్చింది.

"తప్పయింది తల్లీ. నాకే తినాల్నని పాణం గుంజింది. ఎవ్వల తప్పు లేదు" అంది.

నేను అప్పుడు కూడా నోరు తెరవలేదు. పొద్దుగూకకముందే వాళ్ళు ఒక మూట, ఒక కుండ తీసుకుని బయటికి నడిచారు. నా దగ్గర ఆగి అతను మెల్లగా అన్నాడు:

"ఫికర్ చెయ్యకు పటేలా. నీ గది నీకుండాలె."

తిట్టి ఉంటే ఇంత కాలం గుర్తుండేది కాదేమో.

తెల్లవారి పెద్దమ్మ పూజ ముగించి లేవగానే ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అడిగింది నేనని, తిన్నది నేనని, మొదటి రోజు చెప్పింది కూడా అబద్ధమేనని. ఆమె ఆశ్చర్యపడలేదు.

"నిన్ననే చూసిన. నీ మీసంల మెంతి గింజ ఉండె" అంది. "నువ్వు ఎప్పుడు నోరు తెరుస్తవో అని సూస్తిని. తెరిస్తివి, మస్తుగ తెరిస్తివి."

"నేను పోత పెద్దమ్మా. ఆళ్ళను రానియ్యి."

"నా ఇంట్ల నీసు కుదరది, ఎవలైనా సరే. నువ్వు గూడ సామాను తీస్కపో. తిన్నందుకు కాదు. ఆ పిల్ల నీ తప్పు తన మీద ఏసుకుంటుంటె నిలవడి సూసినవ్ సూడు, గందుకు." మెట్టు దిగుతుంటే వెనక నుంచి పిలిచింది. "మలక్‌పేట బండ్ల అడ్డ దిక్కు పోయిండ్రు. జల్ది పో."

ఆ పూట కార్ఖానా మానేసి పరుగెత్తాను. వాళ్ళు ఇబ్రహీంపట్నం పోయే బండి పక్కన కూర్చుని ఉన్నారు. బండాయన అప్పటికే ఎద్దులను కాడికి కడుతున్నాడు.

నన్ను చూడగానే ఆమె అంది, "ఏం పటేలా, ఇంకో గిన్నె కావాల్నా?"

వాళ్ళ మూట మీద చెయ్యి వేసి ఆపాను. పోవద్దన్నాను. "పోక? ఏడ ఉండాలె?" అన్నాడతను. ఆ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఆడ పట్టుకుంటరు, ఈడ పట్టుకుంటరు. ఆడనైతే మనోళ్ళు సూస్తరు."

"ఒక్క పూట ఆగు అన్నా. ఈ ఒక్కపారి నా మాట ఇను."

"నీ మాట నిన్న ఇన్నం గద" అంది ఆమె.

అయినా బండి దిగనిచ్చారు మూటను. అడ్డ వెనుక టాంగాలు నిలిపే కొట్టాలున్నాయి. ఒకటి ఖాళీగా ఉంది. దాని యజమాని తెల్లగడ్డం ముసలాయన, గుర్రానికి గడ్డి వేస్తున్నాడు. వాళ్ళిద్దరినీ వెంటబెట్టుకుని ఆయన ముందుకు పోయాను.

"ఎవరు వీళ్ళు? నీకేమైతరు?" అని అడిగాడు.

"మా ఊరోళ్ళు సాబ్. చేపలు పట్టేటోళ్ళు. నాకు సుట్టాలు కారు. నిన్న నా మూలంగ ఇల్లు పోయింది" అని పులుసు సంగతితో సహా చెప్పాను.

ముసలాయన చేతిలోని గడ్డి గుర్రం ముందు వేసి నా వైపు తిరిగాడు. "వీళ్ళ మీద నాకు భరోసా కుదిరింది. నీ మీద కుదర్తలేదు" అన్నాడు. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. రెండు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు. ముసలాయన నన్నే అడిగాడు: "పూచీ ఉండెటోడు ఎక్కడో ఉంటే నాకేం లాభం? నువ్వు గూడ ఈడనే ఉంటవా?"

"ఉంట" అన్నాను.

ఆ మధ్యాహ్నమే నా ట్రంకు పెట్టె, చాప తెచ్చి కొట్టంలో తలుపు వైపు వేశాను. నడుమ తడికె కట్టుకున్నాం. లోపలి సగం వాళ్ళది. గుర్రాల లద్దె వాసన, వాన పడితే పైనుంచి కారే నీళ్ళు, పొద్దున్నే నులక కట్టలు నెత్తిన పెట్టుకుని అతను, బిస్కెట్ల కార్ఖానాకు నేను. చాన్నాళ్ళ దాకా ఆమె నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడించడానికి తొందరపడలేదు. వాళ్ళ వంతు నీళ్ళు కూడా నేనే తెచ్చి తడికె దగ్గర పెట్టేవాణ్ణి.

భాద్రపదంలో పట్టణం బిగుసుకుపోయింది. సరిహద్దు అవతలి నుంచి ఫౌజు వస్తోందని ఒకరు, రాదని ఒకరు. ఆ కొన్ని రోజులు బజారులో మనిషి లేడు, కార్ఖానా బట్టీలు చల్లారాయి. కొత్తగా వచ్చిన మనుషులెవరని ఇల్లిల్లూ అడుగుతూ తిరిగేవారు. మొదట పాత సర్కారు టోపీలవాళ్ళు, ఫౌజు వచ్చాక కొత్త సర్కారు టోపీలవాళ్ళు. తలుపు చప్పుడైన ప్రతిసారీ అతను లేవబోయేవాడు. నేను చెయ్యి అడ్డం పెట్టి, బయటికి పోయి, నా వెనక తలుపు దగ్గరగా లాగి, అడిగినదానికల్లా నేనే జవాబు చెప్పి వచ్చేవాణ్ణి.