మా ఎద్దు మోకాళ్లు

నా చిన్నప్పుడు, వానలు ముఖం చాటేసిన ఆ ఏళ్లలో, మా ఇంట్లో మనుషులకంటే ముందు ఎద్దులకు నీళ్లు పెట్టేవాళ్లు. ఉన్నది ఒక్క జతే. ఒకటి కుంటుపడితే ఆ ఏడు వేరుశనగ విత్తడం కష్టమే.

ఒకరోజు ఎద్దుల బండిలో విత్తనం మూటలతో పావగడ నుంచి తిరిగి వస్తున్నాం. చదును దారిలో మా తాతయ్య పగ్గాలు నాకిచ్చి వెనకాల నడుస్తున్నాడు. ఎండిన వంకలోకి దిగేచోట ఆయన బండి వెనక తాడు కట్టి, దాన్ని పట్టి నిదానంగా దింపేవాడు. "దిగుడు రాంగానే పిలువు పాపా" అని చెప్పాడు. నేను పిలవలేదు. ముందు పోతున్న పక్కింటి మామ బండిని దాటాలని చెర్నాకోల ఝళిపించి ఎద్దులను కొట్టాను. గజం గజానికీ బండి వేగం పెరిగింది. భయపడి పగ్గాలు ఒక్కసారిగా లాగేశాను. వెనకనుంచి బరువు తోసుకొచ్చి, ఎడమ ఎద్దు మోకాళ్ల మీద కూలబడింది. తోలు లేచి రక్తం కారింది.

"ఏం పెద్దాయనా, ఎద్దుతో దండాలు పెట్టిస్తాండావే!" అని, వెనకనుంచి పరుగెత్తుకొచ్చిన తాతయ్యను చూసి మామ నవ్వాడు.

"అదే తట్టుకొని పడింది" అన్నాను నేను.

తాతయ్య నా చేతిలోని చెర్నాకోల చూశాడు. "తప్పు నాదే లేప్పా, తాడు పట్టుకునేది మరిసినా" అన్నాడు.

మామ వెళ్లాక నా నెత్తిన చిన్న మూట పెట్టి, నడుముకు తాడు కట్టి, అదే దిగుడులో దిగమన్నాడు. నేను పరుగెత్తకపోయినా అడుగు అడుగుకూ వేగం పెరిగింది. ఆయన తాడు మెల్లగా బిగించాడు. వేగం కొంచెం కొంచెంగా తగ్గి నిలబడ్డాను.

"ఒక్కసారే గుంజింటే ఏమైతాండె?"

"పడిపోతాంటి."

"పెరిగేది ఎట్ల పెరిగిందో, తగ్గించేది గూడా అట్లే తగ్గించల్ల. దానికి నోరు లేదు పాపా."

ఎద్దు నెలంతా కుంటింది. పడిన కాస్త వాన తడి ఆరిపోతుందని తాతయ్య ఆ ఎద్దు బదులు కాడికి ఒకవైపు తన భుజం పెట్టి విత్తాడు. చూసినవాళ్లు నవ్వారు. నేను గట్టున నిలబడి నోరు తెరవలేదు.

మొన్న మనవరాలు పుస్తకం చదువుతూ, "వేగం పెరిగితే ధన త్వరణమంట, తగ్గితే ఋణ త్వరణమంట అవ్వా" అంది. నేను వంక దిగే బండిని చెప్పి వివరిస్తే, "బడికి పోకుండా నీకెట్ల తెలుసు?" అని ఆశ్చర్యపోయింది. మా తాత నేర్పాడన్నాను. ఎందుకు నేర్పాల్సి వచ్చిందో మింగేశాను. మా ఆయన బతికున్నప్పుడు ఆయనకూ చెప్పలేదు. తాతయ్యకు తెలుసు, తాతయ్యకు తెలుసునని నాకూ తెలుసు. అయినా "నేనే కొట్టినా తాతా" అని ఒక్కమాట, ఆయన ఊపిరి ఉన్నన్నాళ్లూ అనలేకపోయాను.